మేనేజరు చెవిలో చెప్పిన మాట

చిరంజీవి చిన్నోడికి,

నాన్న దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కడినే అనుకో, అయినా మీ అమ్మ ఉన్నప్పటి నుంచి అలా రాయడం అలవాటైపోయింది. జైల్లో చలి ఎక్కువని రాశావు. దుప్పటి తలదాకా కప్పుకో.

నీ ఉత్తరంలో అడిగినవాటికి వరసగా చెబుతాను. మోకాలు అలాగే ఉంది. కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. కళ్ళజోడు మార్పించాను. కుర్చీలు అల్లే పని బాగా తగ్గింది. బ్యాంకు వాళ్ళు ఇప్పుడు తమ కుర్చీలు పంపడం లేదు. ఒక టీచరమ్మ మాత్రం పాత వాలుకుర్చీ ఇచ్చింది. అదీ రిక్షాలో వేసి పంపింది, తను రాలేదు. పని లేని రోజుల్లో మన ఇంట్లో కుర్చీ అల్లికనే విప్పి మళ్ళీ అల్లుతున్నాను. చేతులు ఊరుకోవు కదా.

ఊళ్ళో గొడవ తగ్గిందా అని అడిగావు. నువ్వు ఆ ముసలివాళ్ళకు ఎక్కించకూడని మందు ఎక్కించి చంపావని రుజువై శిక్ష పడిన రోజున మన వీధిలో టపాకాయలు కాల్చారు. ఆ తర్వాత జనం చల్లబడతారనుకున్నాను. చల్లబడలేదు. పోయినవాళ్ళ ఫోటోలు పట్టుకుని రోజూ ఆసుపత్రి గేటు ముందు కూర్చుంటున్నారు. "చంపినవాడు లోపల, చంపనిచ్చినవాళ్ళు కార్లలో" అని అట్ట మీద రాసి పెట్టారు. యాజమాన్యం గోడలకు రంగు వేయించి ఆసుపత్రి పేరు మార్చేసింది. వాళ్ళకు ఆ వెసులుబాటు ఉంది. నన్ను మాత్రం వీధిలో 'నర్సు తండ్రి' అనే అంటున్నారు.

సెలూన్‌లో కుర్రాడు నన్ను కూర్చోబెట్టి, నా వెనక వచ్చినవాళ్ళకు ముందు చేస్తాడు. మొన్న ఎలాగో నా వంతు వచ్చింది. గెడ్డం మీద కత్తి ఆనించి, "కదలకు తాతా. నేను మీవాడిలా చదువుకుని చంపేవాణ్ణి కాదు. నువ్వు కదిలితేనే తెగేది" అన్నాడు. కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఏం చేయను. చాలా రోజులకు నాతో అన్ని మాటలు మాట్లాడిన మనిషి వాడే.

ఆసుపత్రి లాయరు వచ్చాడా అని అడిగావు. వచ్చాడు. నువ్వు రాసినట్టే చెప్పాడు. "ఇప్పుడు విచారణ యాజమాన్యం మీద జరుగుతోంది. మీవాడు మెతక మనిషి, ఎవరికీ అనుమానం రాలేదు, మేనేజరుగారికి ఏమీ తెలియదు అని చెప్పండి చాలు. పైకోర్టులో అప్పీలు సంగతంతా మేం చూసుకుంటాం. శిక్ష తగ్గుతుంది" అన్నాడు. నేను తల ఊపలేదు, కాదనలేదు. వెళ్తూ, "మీరు ఎక్కువ మాట్లాడరు. అదే మీలో మంచి గుణం పెద్దాయనా" అన్నాడు.

ఆయన వెళ్ళిన కొన్నాళ్ళకు కుట్టుపని చేసుకునే ఒకామె వచ్చింది. నిన్ను మార్చిన రెండో ఆసుపత్రిలో నీ వార్డులో పోయినవాళ్ళలో ఆమె తల్లి ఒకరు. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"మీవాడు మొదటి ఆసుపత్రిలో ఉన్నప్పుడే యాజమాన్యానికి తెలుసని నా అనుమానం అండీ. తెలిసే మా అమ్మ ఉన్నచోటికి పంపారు. రెండూ వాళ్ళవే కదా. మీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుస్తుందమ్మా."

"మీవాడు మీకేమీ చెప్పేవాడు కాదా?"

"అన్నం తిన్నావా అని అడిగేవాడమ్మా. అంతే."

ఆమె నా మొహంలోకి కాసేపు చూసి వెళ్ళిపోయింది. టీచరమ్మ కుర్చీ ముందేసుకున్నాను గాని ఆ రోజు ఒక్క వరసా సాగలేదు.

ఇక్కడిదాకా రాసింది చదువుకున్నాను. అసలు సంగతి రాయనేలేదు. ఇప్పుడు రాస్తున్నాను. కోపం వచ్చినా చివరిదాకా చదువు.

నిన్ను రెండో ఆసుపత్రికి మార్చినప్పుడు వీడ్కోలు సభ పెట్టారు. నన్ను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. టీ, బిస్కెట్లు ఇచ్చారు. నీ చేతిలో గోడ గడియారం పెట్టి, నీ అంత ఓర్పున్న నర్సును చూడలేదని మైకులో చెప్పారు. ఫోటో దిగేటప్పుడు పెద్ద మేనేజరు నా భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర, "అక్కడ రాత్రి డ్యూటీ మాత్రం అడగొద్దని మీవాడికి చెప్పండి. వార్డులో ఒంటరిగా అసలే ఉండొద్దనండి" అన్నాడు. నీ నిద్ర గురించి, నీ ఒంటి గురించి అంత పెద్దమనిషి దిగులు పడుతున్నాడనుకున్నాను. చేతులు జోడించాను. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

కుట్టుపనామె వచ్చి వెళ్ళాక ఆ మాట నాకు అర్థమైంది. విచారణకు వెళ్ళి చెప్పేశాను.

హాలు నిండా జనం. మెల్లగా మొదలుపెట్టాను. "కాస్త గట్టిగా చెప్పండి పెద్దాయనా" అన్నారు జడ్జిగారు. చెప్పాను. లాయరు లేచి, "ఇన్నేళ్ళ కిందట చెవిలో అన్న మాట పొల్లుపోకుండా గుర్తుందా మీకు?" అని అడిగాడు. "అంత పెద్దవాళ్ళు నా చెవి దగ్గరికొచ్చి మాట్లాడింది అదొక్కసారే బాబూ. అందుకే గుర్తుంది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. మేనేజరు తన బూట్లు చూసుకుంటూ కూర్చున్నాడు.

బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాను. చోటు లేక జనం నిలబడి ఉన్నారు గాని నా బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. కాసేపటికి కుట్టుపనామె వచ్చి అటు చివర కూర్చుంది.

"మీ మీద నాకు కోపం పోలేదండీ" అంది.

"పోనక్కర్లేదమ్మా" అన్నాను.

బస్సు వస్తే లేచి వెళ్ళింది.

అప్పీలుతో తమకిక సంబంధం లేదని లాయరు కబురు పంపాడు. నీకు తగ్గాల్సిన ఏళ్ళు నా నోటితోనే పోయాయి. నువ్వు వద్దంటావని తెలిసే చెప్పాను, తడబడి కాదు. మేనేజరు ఆ మాట నా చెవిలో కాక పోలీసులకు చెప్పి ఉంటే ఆమెకు తల్లి మిగిలేది. నువ్వూ అక్కడితో ఆగిపోయేవాడివి.

ఇంకొక్కటి ఉంది. సభ నుంచి ఇంటికొస్తూ బస్సులో ఆ మాట నీకు చెప్పాను. నువ్వు కిటికీ వైపు తిరిగి నవ్వావు. "సరేలే నాన్నా" అన్నావు. ఆ నవ్వు గురించి విచారణలో ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణో లేదో నాకే తెలియదు. అది మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఎవరితో చెప్పుకోను, నీతో తప్ప.

వచ్చే ములాఖత్ రోజున వస్తాను. నన్ను చూడటం ఇష్టం లేకపోతే గేటు దగ్గర మనిషితో కబురు పంపు, ఏమీ అనుకోను. వేళ అయిపోయేదాకా బయట కూర్చుని వెళ్ళిపోతాను. ఆ పై నెల మళ్ళీ వస్తాను.

ఇట్లు,
రమ్మన్నా వద్దన్నా వచ్చే
మీ నాన్న