సాయవ్వ చేతి మచ్చ

బోధన్ దగ్గర, కోతవాళ్ల గుడిసెల నుంచి

అవ్వా,

నీ కాళ్లకు మొక్కి నీ బిడ్డ రాజవ్వ రాస్తున్నది. నీ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? అన్న, వదిన, పిల్లలు బాగున్నారా? నేను బాగున్నాను. ఒట్టు, బాగున్నాను, దిగులుపడకు. ఈ ఉత్తరం నీకు అన్నే చదివి వినిపిస్తాడని తెలుసు. అన్నా, నడుమ ఏ మాటా మింగేయకుండా చదువు.

ఇక్కడ చలి బాగా ఉంది. ఫ్యాక్టరీ కూత వినపడగానే లేచి చేనుకు పోతాం. చెరుకు ఆకు గీసుకోకుండా చేతులకు పాత గుడ్డలు చుట్టుకుంటాం. పొద్దున గట్క, మధ్యాహ్నం జొన్నరొట్టె. నీ చేతి పచ్చిపులుసు మాత్రం ఇక్కడ ఎవరికీ రాదు. సాయంత్రం అందరూ తమ ఇళ్ల ముచ్చట్లు చెప్పుకుంటుంటే నేను ఊరి పేరు చెప్పి ఊరుకునేదాన్ని. మూడేళ్లు కుష్టు ఆసుపత్రిలో ఉన్నానని, రాయడం, చదవడం అక్కడే నేర్చానని ఎవరికీ చెప్పలేదు. నయమైందని డాక్టరమ్మ కాగితం రాసిచ్చినా మన వాడకట్టు నన్ను బావి దగ్గరికి రానివ్వలేదు కదా. అందుకే ఇక్కడ రెండేళ్లు నోరు మూసుకున్నాను. ఈ మధ్యనే తెరిచాను.

మా పక్క గుడిసెలో సాయవ్వ అని మోస్రా వైపు పిల్ల ఉంది. పెళ్లయి ఏడాది కాలేదు. ఒకనాడు రొట్టెలు కాలుస్తూ నాతో మాట్లాడుతున్నది. ఆమె చేయి కాలే పెంకకు ఆనింది. చర్మం కమిలిన వాసన నాకు వచ్చింది గాని ఆమెకు తెలియనే లేదు, నవ్వుతూనే ఉంది. చేయి గుంజి చూశాను. మోచేతి కింద తెల్లటి మచ్చ. నాకూ అట్లాగే మొదలైంది, అవ్వా.

"గిది ఎన్ని దినాల సంది ఉన్నదే?" అన్నాను.

"వానకాలం సంది ఉన్నదక్కా. తామర అనుకున్న. నొప్పి లేదు, దురద లేదు. మంచిదే గదా?"

మంచిది కాదని చెప్పాలంటే నాకెట్లా తెలుసో కూడా చెప్పాలి. చెప్తే పని పోతుంది, గుడిసె పోతుంది. రెండు రోజులు ఆ పిల్లకు ఎదురుపడకుండా తిరిగాను. నా ఎడమ చిటికెన వేలు వంగిపోయింది కదా, ఎవరడిగినా కొడవలి తగిలిందని చెప్పేదాన్ని. ఆ పిల్ల వేళ్లు కూడా ఇట్లా కావాలా అనిపించింది. మూడో రోజు అంతా చెప్పేశాను.

సాయవ్వ ఏడ్చి మొగుడికి చెప్పింది. మొగుడు మా కోత ముఠాను నడిపే ముకద్దానికి చెప్పాడు. మర్నాడు చేను గట్టు మీద అందరి ముందర ముకద్దం అరిచాడు.

"నీకు పెద్దరోగం ఉండెనట గదా! చెప్పకుంట మా కుండల నీళ్లు తాగినవా? మూట గట్టుకోని పో. గా పోరిని గూడ తీస్కపో!"

ఆసుపత్రి బండి ఎక్కిన రోజు నేను తల ఎత్తలేదు. ఈసారి ఎత్తాను.

"పోను. రెండేండ్ల సంది ఒక్క కుండల నీళ్లే తాగినం. ఎవలకు అంటిందో ముందలికి రాండ్రి! నాకు నయమైంది, గిదిగో కాయితం. మందు మింగితె గీ రోగం పోతది. దాసిపెడితెనే కాళ్లు చేతులు పోతయి. నేనేం పాపం జెయ్యలె. నా సాలు నేను కోస్త. కాదంటె నన్ను గుంజి ఎల్లగొట్టుండ్రి, సూస్త!"

గుంజాలంటే ముట్టుకోవాలి కదా, ఒక్కరూ కదలలేదు. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. అప్పుడు మా అందరిలో పెద్దది లింబవ్వ లేచి, కుండలో చెంబు ముంచి నాకిచ్చింది. నేను సగం తాగాను. మిగిలిన సగం ఆమె తాగి మూతి తుడుచుకుంది. "ఇగ పాండ్రి, పొద్దెక్కుతున్నది" అని కొడవలి తీసుకుంది.

అందరూ మారిపోయారని రాస్తే అబద్ధం. కొందరు పొయ్యిలు దూరం జరుపుకున్నారు. ముకద్దం నాకు చేను చివరి సాలే ఇస్తున్నాడు. ఇవ్వనీ. బోధన్‌కు కుష్టు డాక్టరు జీపులో వచ్చే రోజు సాయవ్వను చెరుకు బండి మీద తీసుకుపోయాను. మొగుడు బండి ఎక్కలేదు, వెనక దూరంగా నడిచి వచ్చాడు. డాక్టరు ఉత్త చేత్తో ఆమె చేయి పట్టుకుని, దూదితో మచ్చను తాకుతూ "తెలుస్తున్నదా బిడ్డా?" అని అడుగుతుంటే అతడు కళ్లార్పకుండా చూశాడు. తొందరగా వచ్చారు, విడవకుండా మాత్రలు మింగితే నయమవుతుందని డాక్టరు చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు అతడు బండెక్కి ఆమె పక్కనే కూర్చున్నాడు.

ఇప్పుడు పని లేని రోజు డాక్టరు జీపులో నేనూ ఊళ్లకు పోతున్నాను. నా వేలు చూపించి జనానికి చెప్తాను. కొందరు పిల్లలను లోపలికి లాక్కుంటారు. నేను కదలను. మొన్న ఒక ముసలాయన అందరూ పోయేదాకా ఆగి, వచ్చి తన పాదం చూపించాడు.

అవ్వా, కోతలు అయిపోగానే ఇంటికి వస్తున్నాను. పోయినసారి వదిన కొట్టం దగ్గర విస్తరిలో అన్నం పెట్టి తలుపేసుకుంది. తలుపు వెనక నువ్వు ఏడ్చింది నాకు వినపడింది. ఈసారి బస్సు దిగి పట్టపగలు వాడ నడుమ నుంచి నడిచి వస్తాను. అన్నా, లోపల పీట వేస్తే నీ పక్కన కూర్చుని తింటాను. వేయకపోతే అరుగు మీద కూర్చుంటాను. దారిన పోయే ప్రతి ఒక్కరికీ నేను గంగారాం చెల్లెలినని, కుష్టు వచ్చి నయమైందని, మీ ఇంట్లో మచ్చలుంటే దాచకండని చెప్తాను.

నా ఆకుపచ్చ చీర పారేయకుంటే ఉతికి పెట్టు. చిన్నాయనకు, పెద్దమ్మకు నా దండాలు, వాళ్లు తీసుకున్నా తీసుకోకున్నా. పిల్లలకు ముద్దులు.

అవ్వా, నన్ను దీవించు. దూరం నుంచి వద్దు. వచ్చినప్పుడు నెత్తిన చేయి పెట్టి దీవించు.

నీ కడుపున పుట్టిన,
రాజవ్వ