రోజమ్మ ఆంటీ ఇంట్లో నేను పెట్టిన ఫోన్లు

ప్రియమైన సునీతక్కకు,

ప్రభువు కాపుదలలో నువ్వూ చిన్నదీ బాగున్నారని నమ్ముతూ చెల్లెలు ప్రమీల రాస్తున్న ఉత్తరం. నేను బాగున్నాను. కోసిగిలో అమ్మా నాయనా కూడా కులాసాగానే ఉన్నారు. కడప ఎండకు, కాలేజీ లైబ్రరీ పనికి అలవాటు పడ్డాను. నా గురించి దిగులు వద్దు.

బావ కంట పడకూడదని ఇది నీ బడికి పంపుతున్నాను. ఒంటరిగా కూర్చుని చదువు.

నేనుండే రోజమ్మ ఆంటీ ఇల్లు రాతి మిద్దె. లోపల సెల్లుకు సిగ్నల్ అందదు. అద్దెకుండే అమ్మాయిలం మాట్లాడాలంటే ఎండలో మిద్దె ఎక్కాలి. అందుకని లైబ్రరీలో పారేస్తున్న పాత కంప్యూటర్లు రెండు అడిగి తెచ్చాను. రెంటి భాగాలూ కలిపి ఒకటి చేసి, ఫోన్ తీగలు తగిలించే కార్డు పెట్టి, గదికొక పాత ఫోన్ కలిపాను. ఏ గదిలో నుంచైనా ఆంటీ ల్యాండ్‌లైన్ మీద మాట్లాడవచ్చు. పోయిన వారం మీ బడిలో తోటి టీచరమ్మ సెల్లు నుంచి నువ్వు నాతో మాట్లాడింది దానిలోనే.

మాట స్పష్టంగా వస్తోందో లేదో చూడటానికి మొదట్లో రికార్డింగ్ పెట్టాను. తీసెయ్యడం మరిచాను. ఆ తప్పు నాది. అందరి మాటలూ చేరే ఆ కంప్యూటర్ ఆంటీ హాల్లోనే ఉంది.

ఆదివారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక. ఆంటీ కళ్ళు మూసుకుని ప్రార్థన అంశాలు చెప్పింది. "మన ప్రమీల వాళ్ళక్క కోసరం ప్రార్థన చేయాల. పాపం, మొగుడు కొడతాండాడు. ఇల్లిడిసి పోవాలని చూస్తాండాది." అందరూ ఆమేన్ అన్నారు. నా పక్కనున్న ముసలామె "రోజమ్మకు దేవుడు అన్నీ బయలుపరుస్తాడు" అని గుసగుసగా చెప్పింది. పక్క గది రూతు పెళ్ళి తప్పిన సంగతి కూడా ఆమెకు ఇలాగే బయలుపడిందట.

అందరూ వెళ్ళాక అడిగాను. "ఆంటీ, మా మాటలు ఇంటాండారా?"

"ఇంటే కదమ్మా ప్రార్థన చేసేది. మీ యక్క ఉండే బనగానపల్లెలో మా మరిది పాస్టరే. ఆయప్పకు గూడా చెప్పినా. వచ్చే ఆదివారం ఆరాధన అయినాక మీ బావతో మాట్లాడతాడు. కాపీ తాగు పో."

ఆ కాఫీ నా నోట్లోకి పోలేదు. ఆమె పాత్రలు కూడా ముట్టబుద్ధి కావడం లేదు. హార్డ్ డిస్క్ ఊడదీసి పెరట్లో సుత్తితో పగలగొట్టాను. రూతు వచ్చి "ఒగ దెబ్బ నన్ను గూడా ఎయ్యనీ" అంది. ఇంకో గది వెతుక్కుంటున్నాను.

అక్కా, ఆ పాస్టరు బావ దగ్గరికి పోయేలోగా నువ్వు బయటపడాలి. శనివారం మధ్యాహ్నం బడి వదిలే వేళకు గేటు దగ్గర ఉంటాను. నీ సర్టిఫికెట్లు పరీక్ష పేపర్ల సంచిలో పెట్టుకో. చిన్నదాన్ని బడికి తెచ్చుకో. అమ్మకు నేనేమీ చెప్పలేదు. అది నీ నోటితోనే చెప్పాలి.

మీ అత్తమామలకు వందనాలు చెప్పమని ఈసారి రాయలేను. చిన్నదానికి ముద్దులు. నన్ను క్షమించమని అడుగుతూ, నీ దీవెన కోరే

చెల్లెలు
ప్రమీల