కోటుగా మారిన పురిటి బొంత

నా తల్లి మినోరికి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాన్నా వేళకింత తిని బాగానే తిరుగుతున్నాం. అక్కడ నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. మన త్సుగరు సీమ మంచు సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది? పొద్దున వాకిట్లో తవ్విన దారి సాయంత్రానికి మళ్ళీ పూడిపోతోంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నాన్న నడుంనొప్పి తగ్గిందనే అంటారు. వంగి బూట్లు తొడుక్కునేటప్పుడు మాత్రం మొహం గోడకేసి తిప్పుకుంటారు. ముల్లంగి ఊరగాయ ఈసారి కాస్త ఎక్కువ పులిసింది. అయినా పంపుతున్నాను, తిట్టుకుంటూ తిను.

పక్కింటి కిసా అవ్వ దగ్గర పాత బట్టలు ఇంకా ఉన్నాయేమో కనుక్కోమన్నావు కదా, వెళ్ళాను. పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

“మీ పిల్ల మా పాత బొంతలు కోసి టోక్యో వాళ్ళకి కోట్లు కుడుతోందటగా? మా దరిద్రానికి గుండీలు పెట్టి అమ్ముతోందన్నమాట,” అంది.

“కొనేవాళ్ళు అందంగా ఉన్నాయంటున్నారు అవ్వా.”

“అవే అతుకులేసుకుని బడికి వెళ్తే నన్ను అతుకుల కిసా అని ఏడిపించారు. అప్పుడెక్కడ చచ్చారే ఈ అందం తెలిసినవాళ్ళు?”

ఆ మాట అంటూనే లేచి, వాళ్ళమ్మ పొలానికి తొడుక్కున్న నీలిరంగు చొక్కా పెట్టె అడుగునుంచి తీసి నా ఒళ్ళో పడేసింది. “తీసుకుపో. మా పేరు మాత్రం చెప్పకండి. చెప్పారని తెలిసిందా, మా ఇంటి మంచు కూడా తెచ్చి మీ వాకిట్లో పోస్తా,” అంది. కాబట్టి ఆ చొక్కాతో ఏం కుట్టినా, ఎవరిదని అడిగితే నోరు మూసుకో.

ఇక నువ్వు రెండు ఉత్తరాల్లోనూ అడిగిన సంగతి. దాన్ని తప్పించుకోవాలనే ఇంతసేపూ ముల్లంగుల గురించి రాశాను.

నేను పంపిన మూటలో అన్నిటికన్నా మందంగా ఉన్న బొంత ఎవరిదని అడిగావు. నడుమ ఉన్న గోధుమరంగు మరక ఎంత ఉతికినా పోలేదనీ, ఆ మేర కోసి పక్కన పెట్టి మిగతాదానితో పొడుగు కోటు కుట్టాననీ రాశావు. వసంతంలో కాన్పు కావలసిన ఒకమ్మాయి దాన్ని వేసుకుని చూసి, విప్పబుద్ధి కాక, ఈ బట్ట కథేమిటో చెబితే కొనుక్కుంటానందనీ రాశావు. ‘ఎవరో ముసలమ్మ కప్పుకున్న దుప్పటి అని చెప్పనా అమ్మా?’ అన్నావు. అలా చెప్పకు.

అది మన ఇంటి పురిటి బొంత. మీ నాయనమ్మ దాన్ని మన యాసలో ‘బొడొకొ’ అని పిలిచేది. పత్తి పండని చలినేల కదా మనది. దొరికిన ప్రతి పీలికనీ ఈ ఇంటి ఆడవాళ్ళు దానిమీద కుట్టుకుంటూ వచ్చారు, కాన్పులన్నీ దానిమీదే అయ్యాయి. నువ్వు ఆస్పత్రిలో పుట్టావు కనక దాన్ని ఎప్పుడూ చూడలేదు. దానిమీద చివరిసారి కన్నది నేనే.

అవును తల్లీ. నీకంటే ముందు ఒక బాబు పుట్టాడు.

ఆ ఏడు మంచు తుఫానుకి దారులన్నీ మూసుకుపోయాయి. నెలలు నిండకుండానే నాకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని కోసం మీ నాన్న పక్కూరికి నడిచి వెళ్ళారు. అత్తయ్య ఆ బొంత తెచ్చి పరిచింది. కొత్తకోడల్ని, పట్నం పిల్లని. “ఆ చింకి గుడ్డలమీద నేను పడుకోను అత్తయ్యా,” అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. “చింకివి కావే పిల్లా. మా అత్తా, వాళ్ళత్తా, అందరూ నీ కింద ఉన్నారు. నువ్వు ఒక్కదానివే కనడం లేదు. పడుకో,” అంది.

బాబు ఏడ్చాడు, పిల్లికూనలా సన్నగా. రొమ్ము పట్టే బలం లేకపోయింది వాడికి. మీ నాన్న మంత్రసానిని వెంటబెట్టుకుని వచ్చేసరికి అత్తయ్య వాణ్ణి తన ఒంటికి హత్తుకుని కూర్చుని ఉంది. వాడు అప్పటికే లేడు.

“ఇక ఈ మాట ఎత్తకు. ఎత్తినకొద్దీ నీకే కష్టం,” అందావిడ. నా మంచికే అంది. నేను ఎత్తలేదు, మీ నాన్నా ఎత్తలేదు. పాలు మాత్రం చాన్నాళ్ళు వచ్చాయి.

పోయిన ఏడు నాయనమ్మ పోయాక పెట్టె తెరిస్తే అది కనబడింది. “కాల్చేద్దామా?” అన్నారు మీ నాన్న, నావైపు చూడకుండా. కాల్చడానికి చేతులు రాలేదు, ఇంట్లో ఉంచుకోవడానికి మనసు రాలేదు. నీ మూటలో పెట్టి కట్టేశాను. నీ కత్తెర పడి ఏదో ఒకటి అయిపోతుంది, నాకు తెలియకుండానే నా బరువు దిగిపోతుంది అనుకున్నాను. తీరా కోటు ఫోటో చూశాక నీమీద కోపం వచ్చింది, ఒక్క మాట అడక్కుండా కోసేసిందే అని. అడగడానికి నేను నీకేం చెప్పానని?

ఆ అమ్మాయి అపశకునమని భయపడుతుందేమో. నాకూ భయంగానే ఉంది. అయినా దాచి అమ్మకు. మీ నాన్న, మీ తాత, ఆయన తోబుట్టువులు, అందరూ ఆ బొంతమీదే పుట్టి బతికి బట్టకట్టారు. ఒక్కడు కట్టలేదు. రెండూ చెప్పు. విన్నాక కూడా కావాలంటే సంతోషంగా ఇవ్వు. వద్దంటే తప్పుపట్టకు, కోటు నువ్వే వేసుకో.

ఈ పొద్దున ఈ ఉత్తరం మొదలుపెట్టేముందు బయటికి వెళ్ళాను. మీ నాన్న మంచు తోస్తున్నారు.

“మినోరికి చెప్పేస్తున్నానండీ, బాబు సంగతి,” అన్నాను.

పార ఆగింది. ఆయన వెనక్కి తిరగలేదు. “పేరు కూడా రాయి,” అన్నారు.

“ఏం పేరు? మనం పెట్టలేదు కదా.”

“నేను పెట్టాను. మంత్రసాని కోసం వెళ్తూ దారంతా ఆలోచించాను, మగపిల్లాడైతే ఏమని పిలవాలా అని. హారుహికో అనుకున్నా.”

“ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?”

“వచ్చేసరికి పిలవడానికి ఎవరున్నారు?” అని ఆయన మళ్ళీ పార ఎత్తారు.

లోపలికి వచ్చి ఆ పేరు పైకి అన్నాను. నాకే వినబడలేదు. మళ్ళీ అన్నాను. ఈసారి వినబడింది. నువ్వూ ఒకసారి అను తల్లీ. ఇన్నాళ్ళూ వాణ్ణి పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ