పడవ ముక్కు

తమ్ముడు మల్లికార్జున్‌కి అక్క రాసేది.

నీ నడుం నొప్పి తగ్గిందా? ఝాన్సీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? చిన్నదాని దగ్గు పోయిందా? మేం బాగానే ఉన్నాం.

ఈ ఊరికి కాలేజీ పిల్లలు వేలకు వేలు వచ్చాక గదుల అద్దెలు అందక, నేనూ మనవరాలు కావ్యశ్రీ మీ బావగారి పడవలోనే ఉంటున్నాం కదా. మాలాగే ఇంకొందరు చేరేసరికి కాలవ ఆఫీసువాళ్లు ఒడ్డున పడవ కట్టుకునే ధరా, లైసెన్సు ధరా పెంచేశారు. అడుగుకింత అని కొలుస్తారట. మీ బావగారు పడవ ముందు చెక్కి బిగించిన కొయ్య ముక్కుని కూడా కలుపుతారట. ఆ కొయ్య మీద ఎవరైనా పడుకుంటారా, నువ్వే చెప్పు. అర్జీ పెడితే రూలు అందరికీ ఒకటే అన్నారు.

"మూడడుగులుంది అమ్మమ్మా, కోయించేస్తే డబ్బు కట్టగలం" అంటోంది కావ్య. చదువుకుంటూ పనిచేసే పిల్ల, దాన్నేమనను?

గోదారి మీద సరంగుగా బతికిన మనిషి ఆయన. ముక్కు లేని పడవని మొండి పడవ అనేవారు. పోయే ముందు వారం కూడా దానికి పసుపు రాయించారు. పరాయివాళ్ల చేత కోయించలేను తమ్ముడూ. నువ్వయితే దణ్ణం పెట్టుకుని కోస్తావు.

సోమవారం కొలతకి వస్తారు. కారులో రంపం జాగ్రత్తగా పెట్టుకుని, మే పదమూడో తేదీ శనివారం పొద్దున్నే రా.