మనం దున్నని చెలక

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. వాగు అవతలి సర్కారు చెలకను ఏదో కంపెనీకి అమ్మేశారు. జామాయిల్ తోట వేస్తారట.

ఆరేళ్ల కింద సర్వే గొలుసు పట్టింది నువ్వే. హద్దురాళ్లు మోసి పాతిందీ నువ్వే. మనలాంటోళ్లకు పట్టాలిస్తామని సర్కారోళ్లంటే నమ్మావు. తొలకరికి నేను నాగలి కడితే, "కాయితం రాకముందే దున్నితే దొంగతనమైతది తమ్మీ" అని ఎడ్లను గట్టు మీదనుంచే మళ్లించావు. ఊళ్లో ఎవరినీ దున్ననివ్వలేదు.

నిన్న తహసీల్దారును నిలదీశాను. ఫైల్లోంచి తలెత్తలేదు. "ఆరేండ్ల సంది ఒక్కడన్న దున్నిండా? ఎవ్వరికీ అక్కర్లేని భూమి అని రాసి అమ్మినం" అన్నాడు.

కంపెనీ మనిషైతే నీ రాళ్లను మెచ్చుకున్నాడు. "మళ్ల కొలిచే పని లేదు, మంచిగ పాతిన్రు" అన్నాడు. వాటి వెంబడే ముళ్లకంచె వేయిస్తున్నాడు.

వాళ్ల మీద ఎంత మండుతోందో నీ మీదా అంతే మండుతోంది. నీకు విస్తరి వేయకముందే ఎడ్లను కట్టాను, దమ్మపేటలో నువ్వు బేరమాడి తెచ్చిన జతనే. తూర్పువైపు కంచె ఇంకా పడలేదు. అటునుంచి చెలకలోకి దిగుతున్నాను.

మళ్లించడానికి ఈసారి నువ్వు లేవు.