ఆటకు ముందు సింహానికి తిండి

శుక్రవారం, పుంగనూరు

సర్కసు మూతపడినా మా మామకు రింగ్ మాస్టర్ పొగరు పోలేదు. పెళ్లి మండపాల్లో, అడుగు తీసి అడుగు వేయలేనంత ఇరుకు స్టేజీ మీద, ఇప్పుడు ఆయన ఆడించే సింహాన్ని నేనే. బొచ్చు వేషంలో స్టూలెక్కి కూర్చుని, లోపలి నుంచి రెండు చేతులతో దవడలు తెరుస్తాను. ఆయన అందులో తల పెడతాడు.

ఈ రోజు పెళ్లివాళ్లు నాకు ఆకు వేస్తే మామ లేపేశాడు. "ఆటకు ముందు సింహానికి తిండి పెట్టేది లేదు. కడుపు నిండితే మాట ఇనదు," అన్నాడు. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు. పక్కనే పప్పన్నం కలుపుకుంటున్న మా ఆయన తలెత్తను కూడా లేదు.

స్టేజీ మీద మామ తల లోపలికి రాగానే దవడలు మూసి గట్టిగా పట్టుకున్నాను.

"ఇడిసిపెట్టమ్మా, ఊపిరాడలా."

"అన్నం పెడతావా మామా?"

"పెడతా, పెడతా!"

అప్పుడు వదిలాను. జనం ఒకటే ఈలలు.

దిగాక మెడ రుద్దుకుంటూ, "సూసినావా, ఆకలితో ఉండావు కాబట్టే అంత బాగా సేసినావు. రేపు కుప్పంలోనూ ఇట్లే సెయ్యాల," అన్నాడు. అప్పటికే భోజనాల ఆఖరి బంతి లేచిపోయింది.

అంటే రేపూ తిండి పెట్టడు. పెట్టకపోనీ. తల పెట్టేది ఆయనే కదా.