ఫిఖ్టే భార్య తెచ్చిన జ్వరం

డ్రెస్డెన్, ఫిబ్రవరి 2021

శామ్సన్ బావగారికి,

వందనాలని రాయడానికి చెయ్యి రావడం లేదు. "కోవిడ్ వార్డులో సాయానికెళ్ళి, రోగం మోసుకొచ్చి మా తమ్ముడు రూఫస్‌ని చంపేసింది" అని మీరు సంఘమంతటికీ చెప్పారట.

నేను ఎం.ఏ.లో చదివిన తత్త్వవేత్త ఫిఖ్టే. ఆయన భార్య యోహన్నా గాయపడిన సైనికులకు సేవ చేస్తూ జ్వరం తెచ్చుకుంది. ఆమె బతికింది, అది అంటుకుని ఆయన పోయాడు. ఐదేళ్ళ తర్వాత ఆమె పోతే, ఆమెనూ ఆయన పక్కనే పాతిపెట్టారు.

మీ తమ్ముడికి నా వల్లే అంటిందేమో, నాకూ తెలియదు. కానీ "నువ్వెళ్ళకపోతే వాళ్ళకెవరున్నారు?" అని పంపింది ఆయనే.

ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూడికకు జూమ్ లింకు నాది. ముందుగా ఇదంతా నేనే చెబుతాను. అంతసేపూ మీ మైకు మూసే ఉంచుతాను. వీడియో మాత్రం ఆపకండి బావగారూ, మీ ముఖం నేను చూడాలి.

మీ తమ్ముడి భార్య